డిస్కు ఒరుసుకుంటోందా? బోల్టు ముట్టుకునే ముందు చెవి పెట్టండి

ప్రశ్న: మాది చీమకుర్తి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సంక్రాంతికి వాడికి గేర్ల సైకిల్ కొన్నాం. రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులే, వైరుతో పనిచేసేవి. ఆ మధ్య ముందు చక్రం పంక్చరైతే ఇక్కడే వేయించాం. ఆ రోజు నుంచి ముందు డిస్కు దగ్గర సర్రుమని ఒకటే రొద. ఒంగోలులో ఒక షాపుకి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. అక్కడి అబ్బాయి బ్రేకు వైరు వదులు చేశాడు. రొద తగ్గింది గానీ బ్రేకు పట్టడం మానేసింది, లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా లాగాలి. ఇంటికొచ్చాక మా వారు వైరు బిగించారు. రొద మళ్లీ వచ్చింది, పైగా ఇప్పుడు చక్రం తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమని ఇంకో చప్పుడు. మా మామగారు "రెండు చుక్కలు నూనె వేస్తే అదే పోద్ది" అంటున్నారు. వాడు రోజూ గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీదే బడికి పోతాడు. నాకు టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఒంగోలు పోకుండా ఇంట్లోనే చేసుకోవచ్చా? సైకిల్‌తో పాటు ఇచ్చిన ఎలెన్ కీలు ఉన్నాయి.
– ఒక తల్లి, చీమకుర్తి

సమాధానం: చేసుకోవచ్చమ్మా. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగి మొదలుపెడితే పదింటికల్లా అయిపోయే పని. అయితే ముందు ఆ నూనె డబ్బాని సైకిల్ దరిదాపుల్లో లేకుండా చేయండి.

మామగారిని తప్పుపట్టడం లేదు. ఆయన కాలం సైకిళ్లకి రాడ్ బ్రేకులు. లివరు నొక్కితే కడ్డీ లేచి, రబ్బరు బిళ్లలు రిమ్ముకి ఆనుకునేవి. ఎక్కడ కిర్రుమన్నా ఇరుసులోనో గొలుసులోనో అయ్యుండేది, ఒక చుక్క నూనెతో సర్దుకునేది. డిస్క్ బ్రేకు అట్టా కాదు. అక్కడ రాపిడే బ్రేకు. నూనె పడితే రాపిడితో పాటు బ్రేకూ పోతుంది. పోయింది తిరిగి రాదు కూడా. డిస్కుని పట్టుకునే బిళ్ల, అంటే ప్యాడ్, దాని మీది పదార్థం ఇటుకరాయి లాంటిది, నూనెని లోపలికి పీల్చేసుకుంటుంది. పైపైన తుడిస్తే పోయే రకం కాదు.

ఈ పాఠం నేను చెప్పులు అరగదీసి నేర్చుకున్నాను. మొదటిసారి డిస్కు సైకిల్ కొన్న కొత్తలో కీచుమంటోందని కుట్టుమిషను నూనె ముందుకో చుక్క, వెనక్కో చుక్క వేశాను. చప్పుడు నిజంగానే పోయింది. ఇంత చిన్న పనికి షాపుకి పోవడం ఎందుకని నన్ను నేనే మెచ్చుకుని, ఆదివారం నెల్లూరు నుంచి నరసింహకొండకి బయల్దేరాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? దిగేటప్పుడు తెలిసింది. రెండు లివర్లూ కసిగా నొక్కితే చల్లగా, మెత్తగా లోపలికి పోతున్నాయి, సైకిల్ మాత్రం తన దారిన తాను పోతోంది. కాళ్లు రెండూ రోడ్డుకేసి ఈడ్చుకుంటూ మలుపు దగ్గర పక్కనున్న మట్టికుప్పలోకి పోనిచ్చాను. దెబ్బలేం తగల్లేదు. ఎడమకాలి చెప్పు మడమ దగ్గర అప్పడంలా పల్చబడింది. ప్యాడ్లని గ్యాస్ స్టవ్ మీద కాల్చితే నూనె పోతుందని ఎవరో చెబితే అదీ చేశాను. ఇల్లంతా కంపు, ఇంట్లో చీవాట్లు. రెండు రోజులు బాగున్నట్టే ఉండి మళ్లీ జారడం మొదలైంది. చివరికి కొత్త ప్యాడ్లే వేయించుకున్నాను.

ఇక ఆ షాపు అబ్బాయి చేసింది. పిల్లాడు ఏడుస్తున్నాడని నోరు మూసినట్టుంది. డిస్కు ఎందుకు ఒరుసుకుంటోందో చూడకుండా వైరు వదిలేస్తే ప్యాడ్ దూరం జరుగుతుంది, చప్పుడు ఆగుతుంది, దాంతో పాటు బ్రేకూ ఆగుతుంది. మీ వారు తిరిగి బిగించి మంచి పని చేశారు. చప్పుడుతో నడిచే సైకిల్ కొన్నాళ్లు నడుస్తుంది. బ్రేకు లేని సైకిల్‌ని ఆ లారీల మధ్యకి ఒక్క రోజు కూడా పంపకూడదు.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ముక్కలు రెండున్నాయి. మొదటి రొద పంక్చర్ వేయించిన రోజే మొదలైంది, అది ఆగకుండా వచ్చే రొద. రెండోది, ఆ టిక్కు టిక్కు, ఆటోలో పడుకోబెట్టి తెచ్చాక వచ్చింది, అది చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తోంది. అంటే జబ్బు ఒకటి కాదు, రెండు. ఆగకుండా సర్రుమంటే డిస్కుకీ, ప్యాడ్లు ఉండే డబ్బా అయిన క్యాలిపర్‌కీ మధ్య వరస తప్పిందని అర్థం. చుట్టుకొకసారి టిక్కుమంటే డిస్కే ఒకచోట వంగిందని అర్థం. ఈ తేడా తెలియకుండా ఏ బోల్టు తిప్పినా ఉన్నదానికి ఇంకోటి కలుస్తుంది.

పని మొదలెట్టే ముందు ఒకసారి కింద కూర్చుని ఆ బ్రేకుని తీరిగ్గా చూడండి. సైకిల్ మీద కూర్చున్నవాడి ఎడమ చేతి వైపు, చక్రం మధ్యలో హబ్‌కి బిగించి ఉన్న చిల్లుల పళ్లెమే డిస్కు. కొత్తప్పుడు దాని మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి ఉంచే ఫోర్కు ఎడమ కాడకి వెనకవైపు బిగించిన చిన్న డబ్బా క్యాలిపర్. దాని నోట్లో డిస్కుకి అటొకటి ఇటొకటి రెండు ప్యాడ్లు. మీ అబ్బాయి సైకిల్ లాంటివాటిలో సాధారణంగా ఈ రెంటిలో ఒకటే కదులుతుంది. వైరు లాగితే క్యాలిపర్ బయట ఉన్న చిన్న చెయ్యి లేచి బయటి ప్యాడ్‌ని డిస్కు మీదికి తోస్తుంది. అది డిస్కుని కాస్త వంచి, అవతల కదలకుండా కూర్చున్న లోపలి ప్యాడ్‌కేసి నొక్కుతుంది. ఆ లోపలి ప్యాడ్‌ని దగ్గరికీ దూరానికీ జరపడానికి చక్రం ఊచల వైపు నుంచి తిప్పే గుబ్బ ఒకటి ఉంటుంది. కొన్నింటికి చేత్తో తిప్పేది, కొన్నింటికి ఎలెన్ కీ పెట్టి తిప్పేది.

రాడ్ బ్రేకులో రబ్బరుకీ రిమ్ముకీ మధ్య వేలి గోరు దూర్చేంత సందు ఉండేది. ఇక్కడ ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఉండేది ఒక పోస్టుకార్డు మందం, అంతే. అందుకే చక్రం వెంట్రుకవాసి పక్కకి కూర్చున్నా ఒరుసుకుంటుంది. పంక్చర్ వేసినాయన తప్పు చేశాడని కూడా అనలేను. ఆయన చేతికి అలవాటైన సైకిళ్లలో ఆ వెంట్రుకవాసికి లెక్కే లేదు.

ముందుగా చక్రం. వందలో ఎన్ని ఇక్కడే తేలిపోతాయో లెక్కపెట్టలేదు గానీ నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు ఇక్కడే తేలాయి. పంక్చర్ వేసేవాళ్లు సైకిల్‌ని తలకిందులు చేసి చక్రం విప్పుతారు, అట్టాగే తలకిందులుగానే ఎక్కించి బిగించేస్తారు. అప్పుడు ఇరుసు ఫోర్కు గాడిలో ఒకపక్క పూర్తిగా కూర్చుని రెండోపక్క కొంచెం ఎడంగా ఉండిపోవచ్చు. సైకిల్‌ని మామూలుగా నేలమీద నిలబెట్టండి. ఇరుసు చివర చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లివరు (బ్రేకు లివరు కాదు) తెరవండి. రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి మీ బరువు కాస్త కిందికి మోపండి. ఇరుసు రెండు గాడుల్లోనూ అడుగుకంటా దిగుతుంది. ఒక్కోసారి 'టక్' మని వినిపిస్తుంది కూడా. ఆ బరువు అట్టాగే ఉంచి మీ అబ్బాయి చేత లివరు మూయించండి.

మూసేటప్పుడు సగం దూరంలో, అంటే లివరు ఇరుసుకి సూటిగా బయటికి నిలిచిన చోట బిగువు మొదలవ్వాలి. పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు పడాలి. తేలిగ్గా మూసుకుపోతే అవతలి వైపు నట్టుని పావు చుట్టు బిగించి మళ్లీ మూయండి. దీన్ని మూసే లివరు అంటారు గానీ కొందరు తెలియక రెక్కల నట్టులా గుండ్రంగా తిప్పి వదిలేస్తుంటారు. అట్టా ఉంటే మాత్రం ఆ సైకిల్ ఎక్కనివ్వొద్దు. క్యాలిపర్ ఫోర్కు వెనక ఉంటుంది కాబట్టి, డిస్క్ బ్రేకు నొక్కినప్పుడు పుట్టే బలం ఇరుసుని గాడిలోంచి బయటికి తోసే వైపే పనిచేస్తుంది. ముందు చక్రం క్విక్ రిలీజ్ వదులుగా ఉండటం సరదా విషయం కాదు.

అక్కడే ఇంకో సంగతి చూడండి. ఆ ఇరుసు పుల్లకి రెండు వైపులా రెండు చిన్న స్ప్రింగులుంటాయి, శంఖం ఆకారంలో. సన్నటి మొన చక్రం వైపుకి, వెడల్పు బయటికి ఉండాలి. పంక్చర్ వేసేటప్పుడు ఈ స్ప్రింగు ఒకటి కిందపడి, హడావుడిలో తిరగేసి ఎక్కించడం మామూలే. వెడల్పు వైపు లోపలికి ఉంటే అది ఫోర్కుకి అడ్డుపడుతుంది, చక్రం ఎప్పటికీ సరిగా కూర్చోదు. నా దగ్గరికొచ్చిన ఒక సైకిల్‌కి మూడు షాపులు తిరిగినా పోని రొద ఈ స్ప్రింగు తిరగేయగానే పోయింది. దాని ఖరీదు ఎంతని? దాదాపు ఏమీ లేదు.

చక్రం కూర్చోబెట్టాక ముందు భాగం ఎత్తి చక్రం తిప్పి వినండి. తిరిగే డిస్కు దగ్గరికి పిల్లల వేళ్లు రానివ్వకండి. ఆ చిల్లులు కత్తెరలా కోసేస్తాయి. సర్రు పోయి టిక్కు ఒక్కటే మిగిలితే సగం పని అయినట్టే.

సర్రు ఇంకా ఉంటే, క్యాలిపర్ జోలికి పోకముందు ఒక్క నిమిషం హబ్ చూడండి. టైరుని పైన పట్టుకుని ఎడమకీ కుడికీ ఊపండి. లోపల ఎక్కడో 'టక టక' అని ఆట తెలిస్తే ఇరుసు మీద బాల్స్‌ని పట్టి ఉంచే కోన్లు వదులయ్యాయని. దానికి సన్నటి కోన్ పానాలు కావాలి, అవి మీ ఇంట్లో ఉండవు. ఈ ఒక్క పనికి షాపే దిక్కు. ఆట ఉన్న చక్రానికి క్యాలిపర్ ఎంత సర్దినా నీళ్లమీద రాతే.

ఆట లేదనుకుందాం. ఇప్పుడు క్యాలిపర్. ఇక్కడ కాస్త తీరిక కావాలి.

ముందుగా ఒక తెల్ల కాగితం తీసుకోండి. క్యాలిపర్‌కి అవతలి పక్క ఆ కాగితాన్ని పట్టుకోమని అబ్బాయికి చెప్పి, ఇవతల నుంచి దాని సందులోకి చూడండి. ఫోన్ టార్చి కాగితం మీద వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. డిస్కు నల్లటి గీతలా, దానికి అటూ ఇటూ రెండు తెల్లటి గీతల్లా సందులు కనపడాలి. ఏ వైపు తెల్లగీత లేదో ఆ వైపు ప్యాడ్ ఒరుసుకుంటోంది. ఈ కాగితం లేకుండా చీకటి సందులోకి చూసి ఊహించేవాళ్లే ఎక్కువ.

లోపలి ప్యాడ్ ఒక్కటే ఆనుకుని ఉంటే, ఊచల వైపు గుబ్బని పావు చుట్టు వెనక్కి తిప్పి చూడండి. చాలాసార్లు అంతటితో సరి. బయటి ప్యాడ్ ఆనుకుంటే, లేదా సందు ఒక చివర ఎక్కువ, ఒక చివర తక్కువగా ఏటవాలుగా కనిపిస్తే క్యాలిపర్‌ని కదిలించి కూర్చోబెట్టాలి. దానికి ముందు వైరు సంగతి. లివరు వదిలేసి ఉన్నప్పుడు క్యాలిపర్ మీది ఆ చిన్న చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చి ఉండాలి. మీ వారు ఈ సంగతి తెలియక వైరు గట్టిగా లాగి బిగించి ఉంటే, ఆ చెయ్యి సగం లేచే నిలబడి ఉంటుంది, అంటే బ్రేకు ఎప్పుడూ కాస్త వేసే ఉన్నట్టు. వైరు బోల్టు వదులు చేసి చెయ్యిని వెనక్కి పోనివ్వండి. వైరులో వేలాడే వదులు మాత్రం తీసేసి మళ్లీ బిగించండి. లివరు దగ్గర వైరు బయల్దేరే చోట చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. దాన్ని ముందే పూర్తిగా లోపలికి తిప్పి ఒకటి రెండు చుట్లు బయటికి తీసి ఉంచుకుంటే, తర్వాత సన్న సర్దుబాట్లకి పనికొస్తుంది.

ఇప్పుడు క్యాలిపర్‌ని ఫోర్కుకి పట్టి ఉంచే రెండు బోల్టులు. సాధారణంగా 5 మిల్లీమీటర్ల ఎలెన్ కీ పడుతుంది. పూర్తిగా విప్పొద్దు, క్యాలిపర్ చేత్తో అటూ ఇటూ జరిగేంత వదులు చేస్తే చాలు. ఊచల వైపు గుబ్బని లోపలి ప్యాడ్ కొంచెం ముందుకొచ్చేలా పావు చుట్టో అర చుట్టో తిప్పండి. అబ్బాయిని బ్రేకు లివరు గట్టిగా నొక్కి పట్టుకోమనండి. రెండు ప్యాడ్లూ డిస్కుని కరిచి పట్టుకోగానే, వదులుగా ఉన్న క్యాలిపర్ తనంతట తానే డిస్కుకి సమంగా సర్దుకుంటుంది. వాడు లివరు వదలకుండా ఉండగానే మీరు బోల్టులు బిగించాలి.

ఈ బిగించడంలోనే కిటుకంతా ఉంది. ఒక బోల్టుని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే, బిగుసుకుంటున్న బోల్టు తల తిరుగుతూ క్యాలిపర్‌ని కూడా తనతో కాస్త ఈడ్చుకుపోతుంది. మీరు కళ్లముందే సరిగా పెట్టింది మళ్లీ వెంట్రుకవాసి తప్పుతుంది. దీనికి పావు చుట్టు, దానికి పావు చుట్టు, ఇట్టా మార్చి మార్చి బిగించండి. చివరి బిగువు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు అంటారు. ఆ కొలత చూపే పానా ఇళ్లలో ఉండదు కాబట్టి, సైకిల్‌తో ఇచ్చిన పొట్టి కీతో మణికట్టు బలం మేరకు బిగించండి. పైన నిలబడి తొక్కొద్దు, గొట్టం తగిలించి తిప్పొద్దు. బోల్టు మరలు పోతే ఫోర్కుకే ముప్పు.

లివరు వదిలాక లోపలి ప్యాడ్‌ని గుబ్బతో కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుతూ చక్రం తిప్పి వినండి. రొద ఆగిన చోట ఆపేయండి. ఇంకా వెనక్కి పోనివ్వొద్దు. లోపలి ప్యాడ్ డిస్కుకి ఎంత దగ్గరుంటే డిస్కు అంత తక్కువ వంగుతుంది, బ్రేకు అంత బాగా పడుతుంది. అది దూరంగా ఉండి బయటి ప్యాడ్ ఒక్కటే పనిచేస్తే డిస్కుని రోజూ ఒక పక్కకి వంచుతూ ఉన్నట్టే. చివరగా లివరు చూడండి. రెండు వేళ్లతో నొక్కితే సగం దారిలో గట్టిపడాలి. హ్యాండిల్ దాకా పోతుంటే లివరు దగ్గరి ఆ మరని ఇంకొంచెం బయటికి తిప్పండి. ప్యాడ్లు అరిగేకొద్దీ వైరు ఒక్కటే లాక్కుంటూ పోకుండా ఈ గుబ్బని కూడా అప్పుడప్పుడు ముందుకు జరుపుకోవాలని మీ వారికి చెప్పండి.

ఇక టిక్కు టిక్కు. ట్రాలీ ఆటోలో ఏ వైపుకి పడుకోబెట్టారో మీరు రాయలేదు. ఎడమ వైపే అయ్యుంటుందని నా అనుమానం. డిస్కు కింద ఆటో ఇనుప అంచు ఉంటే, చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా ప్రతి గుంతకీ అది డిస్కుని ఒక పోటు పొడిచే ఉంటుంది. ఆటోనే అయ్యుండాలని లేదు, బడి స్టాండులో పక్క సైకిల్ పెడలు తగిలినా చాలు.

ముందు డిస్కుని హబ్‌కి పట్టి ఉంచే ఆరు బోల్టుల్లో ఒకటేదైనా వదులైందేమో చూడండి. వాటి తలలు నక్షత్రం గాడివి, T25 నక్షత్రం కీ కావాలి. మీ కట్టలో ఉందేమో చూడండి. బోల్టులన్నీ బిగువుగానే ఉంటే డిస్కు వంగినట్టే. తెల్ల కాగితం మళ్లీ తీయండి. చక్రాన్ని చాలా మెల్లగా, వేలితో తోస్తూ తిప్పండి. ఒకచోట నల్లగీత పక్కకి జరిగి ప్యాడ్‌ని ముద్దుపెట్టుకుని వెళుతుంది. అక్కడ ఆపి, డిస్కు అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఎటువైపుకి జరిగిందో కూడా గుర్తుంచుకోండి, లోపలికా బయటికా అని.

ఆ గుర్తుని క్యాలిపర్ నుంచి బయటికి, చేతికి అందే చోటికి తిప్పండి. అడ్జస్టబుల్ పానాని సబ్బుతో కడిగి ఆరబెట్టి, దాని నోరు డిస్కు మందానికి సరిపడా మూసి, గుర్తు దగ్గర పట్టించి, వంగిన వైపుకి ఎదురుగా కొంచెం ఒత్తండి. కొంచెమంటే నిజంగా కొంచెమే. అప్పడం అంచు విరక్కుండా చూసుకుంటూ తిప్పుతామే, అంత సున్నితంగా. ఒత్తండి, వదలండి, తిప్పి చూడండి. మార్పు రాకపోతే ఇంకాస్త బలం. ఉక్కు మొదట కొంచెం వంగి తిరిగి తన చోటికే వస్తుంది, ఆ గీత దాటితేనే నిలబడుతుంది. అందుకే మొదటి రెండు మూడుసార్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. అక్కడ విసుగొచ్చి ఒక్కసారి గట్టిగా ఒత్తితే అటువైపు వంకర తిరుగుతుంది, ఆ తర్వాత ఈ వైపూ ఆ వైపూ తిప్పుకుంటూ మధ్యాహ్నం అయిపోతుంది. నేను ఒకసారి భోజనం మరిచి మూడింటి దాకా కూర్చున్నాను. సుత్తి మాత్రం వద్దు.

చేతులు ముందే కడుక్కోండి. పోపులో చేయి పెట్టి అదే వేళ్లతో డిస్కుని పట్టుకుంటే మామగారి నూనె చుక్క వేసినట్టే. పని అయ్యాక డిస్కుని శుభ్రమైన గుడ్డతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడవండి, మెడికల్ షాపులో ఆ పేరుతోనే అడగండి. చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ వద్దు, అందులో జిగురు పదార్థాలుంటాయి. ఆల్కహాల్ దొరక్కపోతే గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, మంచినీళ్లు పోసి ఆరనిచ్చినా సరిపోతుంది.

మీ ఊరి మాట ఒకటుంది. క్వారీల నుంచీ పాలిషింగ్ యూనిట్ల నుంచీ వచ్చే ఆ బూడిదరంగు ధూళి మామూలు దుమ్ము కాదు. గెలాక్సీ గ్రానైట్‌ని కోసినప్పుడు వచ్చిన రాతి పిండి. వానకి తడిసి లారీ టైర్ల నుంచి చిమ్మితే ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య గరుకు కాగితం పెట్టినట్టే. మీ అబ్బాయి సైకిల్‌కి ప్యాడ్లు మిగతా ఊళ్లకంటే తొందరగా అరుగుతాయని నా అంచనా. వారానికొకసారి మగ్గుతో మామూలు నీళ్లు క్యాలిపర్ మీద పోసి ఆ పిండి వదిలించండి. బైకులు కడిగే ప్రెషరు పంపు మాత్రం పెట్టనివ్వొద్దు, ఆ నీళ్లు హబ్ లోపలికి దూరి గ్రీజుని కడిగేస్తాయి. కొత్తపట్నం బీచికి సైకిళ్లేసుకుని పోయే వయసు కూడా వచ్చింది వాడికి. ఇసుకలో తొక్కి వస్తే ఆ సాయంత్రమే కడగాలి, ఉప్పు తగిలిన ప్యాడ్ స్ప్రింగు తుప్పు పట్టి ప్యాడ్లని వెనక్కి రానివ్వదు.

ప్యాడ్ల మందం కూడా ఈ సందర్భంలోనే చూసుకోండి. ఇనుప రేకు మీద అతికించిన నల్లటి పదార్థం 1 మిల్లీమీటరు కంటే తగ్గుతుంటే కొత్తవి తెచ్చి పెట్టుకోండి. 0.5కి వచ్చిందంటే మార్చాల్సిందే. ఇనుము ఇనుముని కోసే గరగర మొదలైతే మాత్రం ఆ పూటే సైకిల్ ఆపేయండి, ప్యాడ్లతో పాటు డిస్కు కూడా పోతుంది. కొత్త ప్యాడ్లు వేసిన రోజు ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకోవడం, నడక వేగానికి తగ్గేదాకా బ్రేకు వేయడం, పూర్తిగా ఆగకుండా మళ్లీ తొక్కడం, ఇట్టా ఓ ఇరవైసార్లు చేయించండి. అప్పటిదాకా అవి సరిగా పట్టవు, దానికి భయపడొద్దు.

ఇన్ని చేశాక కూడా చెవి దగ్గర పెడితే ఎక్కడో సన్నగా 'టింగ్' అనొచ్చు. దాన్ని వదిలేయండి. వైరుతో నడిచే ఈ రకం బ్రేకుల్లో పూర్తి నిశ్శబ్దం కోసం వెంటపడితే చివరికి బ్రేకు వదులు చేయడం దగ్గరే ఆగుతాం, ఒంగోలులో జరిగింది అదే. చక్రం చేత్తో తిప్పి వదిలితే ఉన్నట్టుండి ఆగిపోకుండా, తీరిగ్గా తిరిగి తిరిగి ఆగితే చాలు. వాడు నిలబడి బలంగా తొక్కేటప్పుడో మలుపులోనో ఒకసారి సర్రుమన్నా పట్టించుకోవద్దు, ఫోర్కు వంగినప్పుడు డిస్కు పక్కకి తగులుతుంది. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకి బర్రుమనడం కూడా మామూలే.

వాడి చేతికి ఇచ్చే ముందు మీ వారిని సైకిల్ పక్కన నడుస్తూ ముందు బ్రేకు ఒక్కటే నొక్కమనండి. వెనక చక్రం నేల నుంచి కొంచెం లేస్తే బ్రేకు పట్టినట్టు. తర్వాత ఆయనే ఎక్కి వీధిలో నాలుగు చుట్లు తిరిగి రావాలి, పిల్లాడు కాదు.

మళ్లీ ఎప్పుడైనా ఆటో ఎక్కించాల్సి వస్తే ఎడమ వైపు పడుకోబెడితే డిస్కులు, కుడి వైపు పడుకోబెడితే గేర్లు మార్చే డీరైలరు దెబ్బతింటాయి. అందుకని పడుకోబెట్టనే వద్దు. నిలబెట్టి, సీటు గొట్టం దగ్గరా హ్యాండిల్ దగ్గరా తాడుతో కట్టించండి. ఆటో అతను ఇంకో యాభై అడిగితే బేరం ఆడకుండా ఇచ్చేయండి.